ఏడో నంబరు దవడలో చీకటి

చింతలగెడ్డ రోప్‌వేలో సీనియర్ మెకానిక్ గొర్లె తవిటినాయుడి దగ్గర బొటనవేలంత టార్చిలైటు ఒకటుండేది. వారపు సంతలో దువ్వెనలూ పిన్నీసులూ అమ్మేవాడి దగ్గర కొన్నది. పదకొండేళ్ళ పాటు ఏ పేచీ పెట్టకుండా వెలిగింది. ఒకరోజు పైనుంచి వచ్చిన తనిఖీ బృందం దాన్ని అతని నోట్లో చూసింది. అక్కడితో దానికి గ్రహచారం పట్టింది.

నోట్లో ఎందుకంటే, మెకానిక్కుకి రెండు చేతులూ పనిలోనే ఉంటాయి. ఒక చేయి ఇనుమును పట్టుకోవాలి, రెండో చేయి గ్రీజు తుడవాలి. టార్చిని పళ్ళ మధ్య కరిచి పట్టుకుంటే తల ఎటు తిరిగితే వెలుతురు అటు తిరుగుతుంది. చింతలగెడ్డ మెకానిక్కులందరిదీ అదే పద్ధతి. పని జరుగుతున్నంతసేపూ ఎవరూ మాట్లాడలేకపోవడం అందులో అదనపు లాభం.

తనిఖీ బృందం వెళ్ళిన నెలకి రజ్జుమార్గ రవాణా మండలి నుంచి సర్క్యులర్ వచ్చింది. రజ్జుమార్గమంటే రోప్‌వే. ఆ మాట తెలియని వాళ్ళు కూడా ఆ రోప్‌వే ఎక్కుతూ దిగుతూనే ఉన్నారనుకోండి. సర్క్యులర్‌లో ఇలా ఉంది: "ఉద్యోగి సొంత టార్చి యొక్క, అనగా ప్రైవేటు వెలుతురు యొక్క, సహాయమున కనిపించిన లోపములు మండలి లోపములుగా పరిగణింపబడవు. మండలి ఎంపిక చేసిన టార్చి అందువరకు లోపములను చూడరాదు." కింద ఉపకరణాల డైరెక్టరు చల్లా భుజంగరావు గారి సంతకం, పెద్ద తాడులా మెలికలు తిరిగి ఉంది.

ఈ సర్క్యులర్ వచ్చిన నాలుగో రోజున ఏడో నంబరు కేబిన్ దవడలో పగులు తవిటినాయుడి గోటికి తగిలింది.

దవడంటే కేబిన్‌ను తాడుకి కరిపించి ఉంచే ఇనుప పట్టు. లోపల వేలు దూరేంత సందు ఉంటుంది. ఆ సందులోనే కేబిన్ బరువంతా, అందులో కూర్చున్న ఆరుగురి బతుకంతా ఉంటుంది. తవిటినాయుడు గోరు పెట్టి లోపల గీస్తే నున్నగా జారిపోవాలి. ఆ రోజు ఒకచోట ఆగింది. మళ్ళీ గీశాడు, మళ్ళీ అక్కడే ఆగింది.

స్టేషన్ మేనేజరు కస్తూరి రంగనాథం మంచివాడు. ఆ మంచితనం వల్ల ఇంతవరకూ ఎవరికీ ఏ ఉపకారమూ జరగలేదు. ఆయన కంప్యూటర్ తెరిచి లోపాల ఫారం చూపించాడు.

"ఏ సాధనంతో చూశావని అడుగుతోంది నాయుడూ. టార్చి నంబరు వేస్తే గాని ముందుకు కదలదు."

"గోటితో సూసేనని రాయండి బాబూ."

రంగనాథం గోరు అని రాశాడు. కంప్యూటర్ ఎర్రగా మెరిసి, గోరు మండలి ఆస్తి జాబితాలో లేదంది.

"పోనీ, కేబిన్ ఆపీండి."

"లోపం లేని కేబిన్ ఎలా ఆపుతానయ్యా? లోపం ఉందని ఎలా రాస్తాను? నువ్వు చూడలేదు కదా!"

స్టోరు గదిలో పది కొత్త దవడలు నూనె కాగితం చుట్టుకుని వరసగా పడుకుని ఉన్నాయి. లోపం నంబరు వేస్తే తప్ప వాటిలో ఒక్కటీ బయటకి రాదు.

తవిటినాయుడి భార్య సూరీడమ్మ రోజూ పొద్దున్నే అనాసపళ్ళ గంపతో రోప్‌వే ఎక్కి, పైన కొండ మీద ముక్కలు కోసి ఉప్పూకారం జల్లి అమ్ముతుంది. ఆ మర్నాడు ఆమె గంప ఎత్తుకుంటూంటే అతను మెల్లగా అన్నాడు.

"ఏడో నంబరు ఎక్కమాక."

"ఏటి, ఏటైనాదేటి దానికి?"

"ఏటీ అవనేదు. ఎక్కొద్దన్నాను గదా."

సూరీడమ్మ గంప దించి మొగుడి మొహం చూసింది. ముప్ఫై ఏళ్ళ కాపురం. ఆ మొహం చదవడానికి ఆమెకి ఏ టార్చీ అక్కర్లేదు. "మరి నాను ఎక్కకూడదు గానీ మిగతా జెనం ఎక్కొచ్చా?" అంది.

ఆ రోజు నుంచి ఏడో నంబరు కేబిన్ బయలుదేరిన ప్రతిసారీ, అవతలి కొసకి చేరేవరకూ తవిటినాయుడు ఊపిరి బిగబట్టేవాడు. రోజుకి ఇరవై రెండుసార్లు. ఖాళీ ఉన్నప్పుడు అందులో ముగ్గురికి మించి ఎక్కనిచ్చేవాడు కాదు. ఎందుకని అడిగితే "వాస్తు" అనేవాడు. వాస్తు అనేసరికి జనం కిక్కురుమనకుండా ఎనిమిదో నంబరు ఎక్కేవాళ్ళు.

మొత్తానికి టార్చి ఎంపికకి సంఘం ఏర్పడింది. దాని పేరు సూక్ష్మ తనిఖీ దీపోపకరణ ఎంపిక సంఘం. తవిటినాయుణ్ణి క్షేత్రస్థాయి వినియోగదారుల ప్రతినిధిగా రాజధానికి పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, వారంలో టార్చి పుచ్చుకుని వచ్చేస్తానని సూరీడమ్మకి చెప్పి వెళ్ళాడు పాపం.

బల్ల మీద పదకొండు టార్చిలున్నాయి. ఒకటి వెలిగించేసరికి ఎదుటి కర్టెన్ కమిలింది. ఇంకొకదానిలో సైరనూ, దిక్సూచీ, రేడియో ఉన్నాయి. భుజంగరావు గారికి అది తెగ నచ్చింది.

"ఇందులో వార్తలు కూడా వస్తాయోయ్ నాయుడూ!"

"వార్తలెందుకు బాబూ, పగులు కనపడితే సాలు."

తవిటినాయుడు బల్లంతా వెతికి ఓ మూల నుంచి బొటనవేలంత టార్చి తీశాడు. పచ్చటి వెలుతురు, నెమ్మదైనది. పళ్ళ మధ్య కరిచి, బల్ల మీది గాజు పేపర్‌వెయిట్‌ను చేతుల్లోకి తీసుకుని, వెలుతురును ఎదురుగా కొట్టకుండా పక్కనుంచి పడుకోబెట్టాడు. గాజు మీద వెంట్రుకవాసి గీత తన నీడతో సహా తేలింది. టార్చి నోట్లోంచి తీసి చెప్పాడు.

"ఇది సాలు బాబూ. ఎదురుంగా కొడితే ఏ పగులూ కనపడదు. పక్కనుంచి ఎయ్యాల. దీపం నోట్లో పట్టాల. మరింకేటీ అక్కర్నేదు."

సంఘం సభ్యులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. భుజంగరావు గారు గడియారం చూసి కంగారుపడ్డారు. అరగంట కూడా కాలేదు. అరగంటలో తేలిపోయేదానికి సంఘమెందుకు, అల్పాహారమెందుకు?

"నోట్లో అన్నావు కనుక ఇది ఆహార పదార్థాల నిబంధనల కిందికి వస్తుంది," అన్నారు గంభీరంగా. "ఒక దంతవైద్యుణ్ణి సభ్యుడిగా చేర్చుకోవాలి. రుచి విషయమై ఉద్యోగ సంఘాల అభిప్రాయమూ సేకరించాలి. ఇవి చిన్న విషయాలు. మౌలికమైన ప్రశ్న వేరే ఉంది. ఈ గీత నీకు టార్చి వల్ల కనిపించిందా, సూర్యుడి వల్ల కనిపించిందా?"

"ఏటి బాబూ?"

"కిటికీలోంచి ఎండ వస్తోంది చూడు. మార్కులు ఎవరికి వెయ్యాలి?"

"అలాగైతే సీకట్లో సూడండి బాబూ," అన్నాడు తవిటినాయుడు. ఆ మాట అన్నందుకు తర్వాత పది నెలలు చెంపలు వాయించుకున్నాడు.

భుజంగరావు గారు కళ్ళు సగం మూసి, "ఏ చీకట్లో?" అన్నారు.

సభ్యులందరికీ తాము చరిత్రలో ఉన్నామని తోచింది. నిజమే, గజానికి ప్రమాణముంది, కిలోకి ప్రమాణముంది. చీకటికి ప్రమాణమేదీ? దీపాన్ని చీకటితో కొలవాలంటే ముందు చీకటి సరైనదై ఉండాలి గదా! ఆ పూటే సంఘం రెండయింది. రెండోదాని పేరు ప్రామాణిక చీకటి సాధన సంఘం. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, చీకటి దొరక్కముందే దానికి ఓ చిహ్నం గీయించారు. నల్లటి గుండ్రం. దాన్ని ఎంపిక చెయ్యడానికి నలభై రెండు నమూనాలు చూశారు.

తరువాతి సమావేశం కిటికీలు లేని పాత రికార్డుల గదిలో పెట్టారు. చర్చ జోరుగా సాగుతుండగా కరెంటు పోయింది. కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

తవిటినాయుడి ప్రాణం లేచొచ్చింది. "ఇదిగో, దొరికింది బాబూ! టార్చి ఎలిగించీనా?"

"ఆగు!" అంది భుజంగరావు గారి గొంతు ఎక్కడినుంచో. "ఇది విద్యుత్ శాఖ వారి చీకటి. వారి అనుమతి లేకుండా మనం వాడుకోరాదు."

కరెంటు వచ్చేవరకూ అందరూ కదలకుండా కూర్చున్నారు. చీకటిని పొరపాటున వాడుకుంటామేమోనని దంతవైద్యుడు కళ్ళు కూడా మూసుకున్నాడు.

ఇక మిగిలింది టెండరు. "నాణ్యమైన చీకటి సరఫరా చేయువారి నుండి దరఖాస్తులు ఆహ్వానించడమైనది. నమూనా సీలు చేసిన పెట్టెలో పంపవలెను." దేశంలో దేనికైనా కాంట్రాక్టర్లు దొరుకుతారు. ముగ్గురొచ్చారు. పదకొండు గంటలకి, మంచి ఎండలో, సంఘం సమక్షంలో మొదటి పెట్టె మూత తీశారు. లోపల ఏమీ లేదు.

"నమూనా ఏది?" అన్నారు భుజంగరావు గారు.

"మూత తీసేదాకా ఉందండీ," అన్నాడు కాంట్రాక్టరు, ఏడుపు మొహంతో. "మా బావమరిది స్వయంగా నింపాడు."

రెండో పెట్టె మరీ పెద్దది, అందులోనూ లేదు. రవాణాలో నమూనాలు చెడినవని రికార్డులో రాశారు. మూడో పెట్టె మూత తియ్యగానే సభ్యులు అబ్బో అన్నారు. లోపల చిక్కటి నలుపు, ఎండ పడినా చెక్కుచెదరకుండా ఉంది. ఆర్డరు ఇచ్చేసేవాళ్ళే. ఇంతలో దంతవైద్యుడు అలవాటు కొద్దీ వేలు పెట్టి చూశాడు. వేలు నల్లగా వచ్చింది. రంగు పోయే చీకటి పనికిరాదని తిరస్కరించారు.

ఆ తర్వాత సంఘం చీకటి వెతుక్కుంటూ దేశాటనకి బయలుదేరింది. గుహలు చూశారు. సినిమా హాళ్ళు చూశారు. ప్రతిచోటా మీటరు పెట్టి చూస్తే ఎంతో కొంత వెలుతురు తేలుతోంది. ఆ వెలుతురు మీటరు అంకెలదేనని తవిటినాయుడు మొదటి గుహలోనే గమనించాడు. చెబితే ఇంకో సంఘం పుడుతుందని భయపడి నోరు మూసుకున్నాడు. ఏడో కేబిన్ మాత్రం రోజుకి ఇరవై రెండుసార్లు తిరుగుతూనే ఉంది. ప్రతి ఊళ్ళోనూ అతను బస్టాండు దగ్గర ఆగి రంగనాథానికి ఫోన్ చేసి, "ఏలాడతందా?" అని అడిగేవాడు. "వేలాడుతోంది" అని ఆయన చెప్పాక గాని ముద్ద దిగేది కాదు.

పద్నాలుగో నెలలో ఇంటికొచ్చాడు. గోరు పెట్టి చూశాడు. ఇదివరకు ఆగినచోటు ఇప్పుడు గోటిని గట్టిగా పట్టుకుంది. ఇంటికెళ్ళి గడపలో కూలబడి, సిగ్గు విడిచి ఏడ్చాడు.

సూరీడమ్మ కథంతా విని, చేతిలో అనాసపండు చెక్కుతూనే అంది: "ఆళ్ళకి పగులు గావాలా, సీకటి గావాలా?"

"సీకటే."

"మరైతే నువ్వు పగులు పగులని పద్నాలుగు నెలల్నించి ఏల మొత్తుకుంతన్నావు? సీకటే ఇచ్చీరాదా!"

తవిటినాయుడు ఏడుపు ఆపి ఆమె వైపు చూశాడు. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టాడు. పక్కింటివాళ్ళు వచ్చి ఏమైందని అడిగేవరకూ నవ్వుతూనే ఉన్నాడు.

మేలైన చీకటి దొరికిందని అతను కబురంపిన వారంలో సంఘం చింతలగెడ్డలో దిగింది. అప్పటికి అతను ఏడో నంబరు దవడకి బయటివైపు గ్రీజు దట్టంగా పట్టించాడు. వెలుతురు చొరబడ్డానికి ఇసుమంత సందు లేదు.

"అయ్యా," అన్నాడు చేతులు కట్టుకుని, "ఇరవై ఏళ్ళ సర్వీసులో ఇలాటి సీకటి నాను ఎక్కడా సూడనేదు. ముట్టుకుంటే మాసిపోయేది గాదు, మూత తీస్తే పారిపోయేది గాదు. పద్నాలుగు నెలల్నించి దీని మీద టార్చి పడనేదు. అదీ తమరి సర్క్యులర్ దయవల్లే."

భుజంగరావు గారి మొహం వికసించింది. మీటరు బయటే ఉంచి, దాని తీగ కొసను గ్రీజులోంచి సందులోకి దూర్చారు. అంకె సున్నా చూపించింది. సున్నా తర్వాత చుక్క, చుక్క తర్వాత మళ్ళీ రెండు సున్నాలు. సంఘం చప్పట్లు కొట్టింది. దంతవైద్యుడు భుజంగరావు గారిని కౌగిలించుకున్నాడు.

"ప్రామాణిక చీకటి!" అన్నారాయన గద్గదంగా. "మన మండలిలోనే ఉందయ్యా, మనం గుహలు పట్టుకు తిరిగాం. ఇది తక్షణం ప్రధాన కార్యాలయానికి తరలాలి."

"తీసుకెళ్ళండి బాబూ. అయితే తాడు మీద దవడ లేకపోతే కేబిన్ నిలబడదు."

"స్టోరులో కొత్తది లేదూ? బిగించుకో. చీకటి కంటే దవడ గొప్పదా?"

పద్నాలుగు నెలలు కదలని ఫారం పది నిమిషాల్లో కదిలింది. లోపం అన్నచోట "లోపం లేదు, ఘనత" అని రాసి డైరెక్టరు గారే సంతకం చేశారు. తవిటినాయుడు పాత దవడను ఊడదీసి నల్ల దుప్పటిలో చుట్టి ఇస్తే, ఇద్దరు అటెండర్లు పురిటిబిడ్డను మోసినట్టు వ్యానులోకి మోసుకుపోయారు. ముందు ఒక మోటారు సైకిలు, వెనక ఒకటి. వ్యానుకి హెడ్‌లైట్లు వెయ్యొద్దని డ్రైవరుకి ప్రత్యేకంగా ఉత్తర్వు ఇచ్చారు.

కొత్త దవడ బిగించి, గోరు పెట్టి గీశాడు. నున్నగా జారింది. ఇంకోసారి గీశాడు, కేవలం సంతోషం కోసం. మర్నాడు ఏడో నంబరు బయలుదేరినప్పుడు అతను అటువైపు చూడను కూడా చూడలేదు. టీ తాగుతూ కూర్చున్నాడు. పద్నాలుగు నెలల తర్వాత ఆ టీకి రుచి తెలిసింది.

రాజధానిలో ప్రామాణిక చీకటి ఆవిష్కరణ మహావైభవంగా జరిగింది. ప్రముఖులొచ్చారు, సన్నాయి పెట్టించారు. ప్రదర్శనకి జిడ్డుగా ఉంటే బాగుండదని ఎవరో ముందురోజు దవడను శుభ్రంగా కడిగి పాలిష్ చేయించారు. ఏ శుభకార్యమైనా జ్యోతి ప్రజ్వలనతోనే మొదలు గనుక, నిలువెత్తు కుందె తెచ్చి దవడ పక్కనే నిలబెట్టి ఐదు వత్తులూ వెలిగించారు. వెలిగించిన మరుక్షణం భుజంగరావు గారు కెవ్వుమన్నారు. ప్రామాణిక చీకటిలో అడ్డంగా, నిలువుగా, ఈ చివర నుంచి ఆ చివరికి పగులు!

మూడో రోజుకల్లా చింతలగెడ్డకి ఉత్తర్వు వచ్చింది. రంగనాథం దాన్ని పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"కొంప మునిగింది నాయుడూ! 'ఏడవ నంబరు దవడలో పగులు ఉన్నట్లు మండలి వారి స్వంత వెలుతురులో నిర్ధారణ అయినందున, ప్రయాణికుల భద్రత దృష్ట్యా ఏడవ నంబరు కేబిన్‌ను తక్షణం నిలిపివేయవలెను' అంటున్నారు."

"దాని దవడ మార్చీసేం కదా బాబూ! కొత్తది."

"కొత్తదానిలో పగులు లేదని ఏ టార్చితో చూశావ్?"

టార్చి ఎంపిక కావాలంటే ప్రామాణిక చీకటి కావాలి. ప్రామాణిక చీకటేమో పగిలిపోయింది. పది కేబిన్లలో కొత్త దవడ ఉన్నది ఒక్కదానికే. ఆ ఒక్క కేబిన్‌నీ మధ్యాహ్నానికల్లా షెడ్డులోకి తోసి, ఎర్ర జెండా కట్టారు. మిగతా తొమ్మిదీ జనంతో నిండుగా పైకీ కిందకీ తిరుగుతున్నాయి.

ఖాళీ గంపతో దిగొచ్చిన సూరీడమ్మ ఎర్ర జెండా చూసి ఆగిపోయింది. మొగుడి మొహం చూసి సంగతి గ్రహించింది. "మరి ఈ మిగతావేటి?" అంది, కదులుతున్న కేబిన్ల వైపు గడ్డం ఎత్తి.

తవిటినాయుడు లేచాడు. సాయంత్రం రోప్‌వే ఆగాక ఒక్కో కేబిన్ దగ్గరికీ వెళ్ళి గోరు పెట్టి చూశాడు. నాలుగో నంబరులో గోరు ఆగింది. తొమ్మిదో నంబరులో గోరు చివర విరిగింది. మిగతావీ ఆ వయసువే, ఆ బాపతువే. చేతులు తుడుచుకుని నేరుగా రంగనాథం గదిలోకి వెళ్ళి, తెల్లకాగితం అడిగి, నిలబడే రాశాడు. రంగనాథం భుజం మీంచి చదువుతూ చెమటలు తుడుచుకున్నాడు.

"గౌరవనీయులైన ఉపకరణాల డైరెక్టరు గారి సముఖమునకు. మండలి వారి ప్రామాణిక చీకటి పగిలిన వార్త విని చింతలగెడ్డ సిబ్బంది తీవ్ర సంతాపమునకు లోనైనారు. అయితే అధైర్యపడనవసరము లేదు. ఇచ్చటి మిగిలిన తొమ్మిది కేబిన్ల దవడలలో అంతకంటె మేలురకపు చీకటి, తమరి సర్క్యులర్ నాటినుండి టార్చి వేసి చూడబడనందున, ఏమాత్రము చెడక నిలువ ఉన్నది. జాతీయ స్థాయి అవసరములకు ఒక చీకటి చాలదనియు, కనీసము తొమ్మిది ఉండవలెననియు ఈ అల్పుని అభిప్రాయము. తమరు జాప్యము చేసినచో వేరొక మండలి వారు తన్నుకుపోవు ప్రమాదము కలదు."

నల్ల వ్యాను రెండో రోజు పొద్దున్నే వచ్చింది. లోపల తొమ్మిది దుప్పట్లున్నాయి.